60 శాతం కీబోర్డుపై తెలుగు ఇన్‌స్క్రిప్ట్: క్యూఎంకేకు ఏ పని అప్పగించాలి, ఏది అప్పగించకూడదు

మీ ప్రశ్నలో మూడు సంగతులు ఉన్నాయి. 60 శాతం కీబోర్డు (నంబర్ ప్యాడ్, ఫంక్షన్ కీలు, బాణం కీలు లేని చిన్న కీబోర్డు) కొని, ఎవరో పంచుకున్న కీమ్యాప్‌తో (ఏ కీ ఏం పంపాలో చెప్పే పట్టికతో) క్యూఎంకే ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపలి చిప్‌లో నడిచే, మనం మార్చుకోగల ప్రోగ్రామ్) ఎక్కించుకున్న మీరు, దానిని ఏ కంప్యూటర్‌కు తగిలించినా నేరుగా తెలుగు అక్షరాలే వెళ్ళేలా చేయవచ్చా అని మొదట అడిగారు. తెలుగు ప్రామాణిక కీల అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో ‘అమ్మ’ సరిగానే వస్తున్నా, ‘అన్న’ కొట్టబోయినప్పుడు మాత్రం ఒక్కోసారి క్లిప్‌బోర్డులో ఉన్నదంతా వచ్చి పడుతోందన్నది రెండవది. ‘కొ’, ‘మొ’, ‘పొ’ రాయడానికి ఈ చిన్న కీబోర్డులో దారే కనిపించడం లేదన్నది మూడవది. కొన్నేళ్ళుగా ఇన్‌స్క్రిప్ట్‌ను క్యూఎంకే బోర్డుల మీదే వాడుతున్నాను కాబట్టి ఈ మూడింటినీ నేనూ పడ్డాను. మూడింటికీ మూలం ఒక్కటే కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

కీబోర్డు కంప్యూటర్‌కు అక్షరాలను పంపదు. యూఎస్‌బీ ప్రమాణంలో ఒక్కో కీకి ఒక్కో సంఖ్య ఉంటుంది. ఎ కీకి 4, అక్కడి నుంచి వరుసగా జడ్ కీకి 29. మీరు కే కీ నొక్కినప్పుడు కంప్యూటర్‌కు చేరేది 14 అనే సంఖ్య మాత్రమే. తెర మీద దానిని ఇంగ్లీషు అక్షరంగా చూపాలా, ‘క’గా చూపాలా అన్నది ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ క్షణాన ఎంచుకుని ఉన్న లేఅవుట్ తేలుస్తుంది. కీబోర్డు పంపే మామూలు రిపోర్టు 8 బైట్లు ఉంటుంది. ఒకటి షిఫ్ట్, కంట్రోల్ వంటి మాడిఫయర్లకు, ఒకటి ఖాళీగా, మిగిలిన ఆరు నొక్కి ఉన్న కీల సంఖ్యలకు. యూనికోడ్ అక్షరాన్ని పెట్టడానికి అందులో చోటే లేదు.

అయినా క్యూఎంకేలో యూనికోడ్ సదుపాయం ఉంది కదా అని మీరు అనవచ్చు. ఉంది, కానీ అది చేసేది మనిషి చేతితో చేసే పనినే వేగంగా అనుకరించడం. లినక్స్ పద్ధతి ఎంచుకుంటే, ‘క’ కోసం ఫర్మ్‌వేర్ కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి, 0C15 కోడ్‌లోని నాలుగు అంకెలూ కొట్టి, చివర స్పేస్ నొక్కినట్టు పంపుతుంది. అంటే ఒక్కో కోడ్‌కు ఆరు నొక్కులు. ‘క్ష’ మూడు కోడ్‌లు కలిస్తే వచ్చేది: క, పొల్లు, ష. ఇన్‌స్క్రిప్ట్‌లో మూడు నొక్కులతో పోయేదానికి ఇక్కడ 18 అవుతాయి, వాటిలో ఒక్కటి దారిలో తప్పినా అక్షరానికి బదులు అంకెల ముక్క మిగులుతుంది. పైగా ఆ అంకెలు కూడా కీల సంఖ్యలుగానే వెళతాయి కనుక, అవతల ఇంగ్లీషు కాని లేఅవుట్ ఉంటే అవీ చెదిరిపోతాయి.

మీ అసలు ఉద్దేశం, అంటే ఏ ఏర్పాటూ లేని ఆఫీసు కంప్యూటర్‌లోనూ తెలుగు రావాలన్నది, దీనితో నెరవేరదు. విండోస్‌లో ఈ పద్ధతి పనిచేయాలంటే రిజిస్ట్రీలో మార్పు చేయాలి, లేదా విన్‌కంపోజ్ అనే ప్రోగ్రామ్ పెట్టుకోవాలి. మ్యాక్‌లో యూనికోడ్ హెక్స్ ఇన్‌పుట్ అనే లేఅవుట్‌ను ఎంచుకోవాలి. అవతల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో చూసి పద్ధతిని ఫర్మ్‌వేర్‌లో మీరే మార్చుకోవాలి కూడా. అంత చేసేచోట విండోస్‌తో పాటే వచ్చే తెలుగు లేఅవుట్‌ను సెట్టింగ్స్‌లో చేర్చుకోవడం ఎంతో తేలిక. యూనికోడ్ సదుపాయాన్ని నేను ఒక్కదానికి మాత్రమే అట్టిపెట్టుకున్నాను: ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లును విడిగా నిలిపే 200C అనే కనిపించని అక్షరానికి. అది రోజుకు పదిసార్లో ఇరవైసార్లో పడుతుంది కాబట్టి నిదానమైనా నష్టం లేదు.

కాబట్టి అక్షరాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కే వదిలేసి, ఏ కీ ఏ వేలి కింద ఉండాలన్న విషయం వరకే ఫర్మ్‌వేర్‌తో చేయించుకోవాలన్నది నా సలహా. ఇన్‌స్క్రిప్ట్ 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణీకరించిన అమరిక. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వచ్చేలా కూర్చారు. దానిని పూర్తి స్థాయి కీబోర్డును దృష్టిలో పెట్టుకుని కూర్చారన్నది ఇక్కడ మనకు ముఖ్యం. మీరు లిప్యంతరీకరణ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించేవారైతే కింద రాసినదానిలో సగం మీకు అవసరమే ఉండదు.

ఇక ‘అన్న’ సంగతి. మీరు తెచ్చుకున్న కీమ్యాప్‌లో మధ్య వరుస కీలను తట్టితే అక్షరం, పట్టి ఉంచితే మాడిఫయర్ అయ్యేలా పెట్టారు. ఎక్కువమంది వాడే క్రమంలో ఎడమచేతి వైపు ఎ, ఎస్, డీ, ఎఫ్ కీలకు వరుసగా విండోస్ కీ, ఆల్ట్, కంట్రోల్, షిఫ్ట్ ఉంటాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో డీ కీ అంటే పొల్లు. తెలుగులో వత్తు రాయాలంటే ప్రతిసారీ దానిని దాటి వెళ్ళాలి. ‘అన్న’ అంటే షిఫ్ట్‌తో డీ, తరువాత వీ, డీ, వీ. నడిమివేలు డీ మీద నుంచి ఇంకా లేవకముందే చూపుడువేలు వీ మీద పడితే, ఫర్మ్‌వేర్ దానిని కంట్రోల్‌తో వీ అని, అంటే పేస్ట్ అని తీసుకుంటుంది. ‘అమ్మ’ ఎందుకు చెడలేదంటే, మ ఉన్న సీ కీని కొట్టేదీ అదే నడిమివేలు. డీ మీద నుంచి లేవనిదే అది సీ మీదికి పోలేదు. లేకుంటే ‘అమ్మ’ దగ్గర మీకు తెలియకుండానే కాపీ కూడా జరుగుతూ ఉండేది.

మీ కాన్ఫిగ్ ఫైలులో ‘హోల్డ్ ఆన్ అదర్ కీ ప్రెస్’ అనే వరుస ఉండి ఉంటుంది, చూడండి. మాడిఫయర్ కీ నొక్కి ఉండగా వేరే కీ నొక్కడమే ఆలస్యం, దానిని పట్టి ఉంచినట్టుగా లెక్కగట్టమని ఆ వరుస చెబుతుంది. ఇంగ్లీషులో షార్ట్‌కట్‌లు చురుకుగా పలకాలని కోరుకునేవారు పెట్టుకుంటారు; తెలుగుకు అది పనికిరాదు. దానిని తీసేస్తే మామూలు నియమం వర్తిస్తుంది: 200 మిల్లీ సెకన్ల లోపు వదిలితే అక్షరం, దాటితే మాడిఫయర్. ‘పర్మిసివ్ హోల్డ్’ అన్నది ఈ రెంటికీ నడుమ ఉంటుంది. మొదటి కీ కింద ఉండగానే రెండవ కీని నొక్కి వదలడం కూడా పూర్తయితేనే మాడిఫయర్‌గా తీసుకుంటుంది.

2025లో క్యూఎంకేలోకి వచ్చిన రెండు సదుపాయాలను కూడా ఇక్కడ చెప్పాలి. ‘కార్డల్ హోల్డ్’ ప్రకారం మాడిఫయరూ, దానితో కలిసే అక్షరమూ వేర్వేరు చేతుల్లో ఉంటేనే పట్టి ఉంచినట్టు లెక్క. డీ, వీ రెండూ ఎడమచేతివే కనుక ‘న్న’ బతికిపోతుంది. ఇంగ్లీషు వాడేవారికి ఇది చాలావరకు సరిపోతుంది. మనకు సరిపోదు, ఎందుకంటే హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉన్నాయి: ‘క్క’, ‘త్త’, ‘ప్ప’, ‘ల్ల’, ‘చ్చ’ అన్నింటిలోనూ పొల్లు ఎడమచేతిలో, తరువాతి హల్లు కుడిచేతిలో. ఆ నియమం కంట్రోల్ అని భ్రమపడేది సరిగ్గా అలాంటి జంటల దగ్గరే. మనకు అసలు అక్కరకు వచ్చేది రెండవది, ‘ఫ్లో టాప్’. అంతకు ముందు కీ కొట్టి ఫలానా మిల్లీ సెకన్లు గడవకముందే మాడిఫయర్ కీ నొక్కితే, మనిషి ధారగా టైప్ చేస్తున్నాడని గ్రహించి దానిని వెంటనే అక్షరంగా పంపేస్తుంది. పొల్లు ఎప్పుడూ హల్లు వెనకాలే వస్తుంది కనుక ఈ నియమం తెలుగుకు అతికినట్టు సరిపోతుంది. నేను 150 దగ్గర పెట్టుకున్నాను. ఒక్క జాగ్రత్త: ఫ్లో టాప్ తనంతట తాను లెక్కలోకి తీసుకునేది అక్షరాల కీలు, స్పేస్, ఇంకా కొన్ని విరామ చిహ్నాలనే. ట ఉన్న కొటేషన్ కీ, డ ఉన్న చదరపు బ్రాకెట్ కీ ఆ జాబితాలో లేవు. ‘ఇస్ ఫ్లో టాప్ కీ’ అనే ఫంక్షన్‌ను మీ కీమ్యాప్‌లో రాసుకుని ఆ రెంటినీ చేర్చకపోతే ‘పిట్ట’, ‘అడ్డం’ దగ్గర మళ్ళీ అదే కథ.

ఇవన్నీ చెప్పాక, నా సొంత బోర్డులో నేను చేసింది ఇంతకన్నా సులువైనదని ఒప్పుకోవాలి. తెలుగు కోసం వేరే లేయర్ (అవే కీలకు మరో అమరిక) పెట్టుకుని, అందులో మధ్య వరుస కీలన్నింటినీ మామూలు కీలుగా ఉంచేశాను. మాడిఫయర్లు ఇంగ్లీషు లేయర్‌లోనే. తెలుగు రాసేటప్పుడు కంట్రోల్ కావాలంటే మూలన ఉన్న అసలు కంట్రోల్ కీనే నొక్కుతాను. తెలుగులో నేను రాసేది ఎక్కువగా వ్యాసాలూ ఉత్తరాలూ కనుక షార్ట్‌కట్‌ల అవసరం అంతగా పడదు, మీకూ పడకపోవచ్చు.

ఈ లేయర్ విడిగా ఉండడం వల్ల మరో ప్రమాదమూ తప్పుతుంది. ప్రోగ్రాములు రాసేవారి కీమ్యాప్‌లలో జే, కే కీలను ఒకేసారి నొక్కితే ఎస్కేప్ పడే కాంబో తరచుగా కనిపిస్తుంది. ఆ రెండు అక్షరాలూ ఇంగ్లీషులో పక్కపక్కన రావు కనుక వారికి అది నిశ్చింత. ఇన్‌స్క్రిప్ట్‌లో జే అంటే ర, కే అంటే క. ‘రక్తం’, ‘రక్షణ’, ‘నరకం’ త్వరగా కొట్టేటప్పుడు ఆ రెండు కీల మధ్య 50 మిల్లీ సెకన్ల కన్నా తక్కువ వ్యవధి ఉంటే మాట మధ్యలో ఎస్కేప్ పడుతుంది. తెలుగు లేయర్ ఆన్‌లో ఉన్నప్పుడు కాంబోలు పలకకుండా ‘కాంబో షుడ్ ట్రిగ్గర్’ ఫంక్షన్‌లో ఒక్క షరతు రాసుకుంటే చాలు.

మూడవ ప్రశ్న నాకు అన్నింటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే ఇది 60 శాతం బోర్డు వాడే తెలుగువాడికే ఎదురయ్యే చిక్కు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్వం, అంటే ‘కొ’లోని గుర్తు, అంకెల వరుసకు ఎడమ చివరన ఉండే బ్యాక్‌టిక్ కీ మీద ఉంది, షిఫ్ట్‌తో అదే కీ ‘ఒ’. మీ బోర్డులో ఆ చోటును ఎస్కేప్ ఆక్రమించింది. మీ కీమ్యాప్‌లో అక్కడ ‘గ్రేవ్ ఎస్కేప్’ అనే కీకోడ్ ఉందని రాశారు. మామూలుగా నొక్కితే ఎస్కేప్, షిఫ్ట్‌తో నొక్కితే టిల్డా వెళ్ళడం దాని పని. అందువల్ల ‘ఒక’ రాయగలుగుతున్నారు, ‘కొత్త’ రాయలేకపోతున్నారు. హిందీవారికి ఈ కీ అవసరం పెద్దగా ఉండదు. హ్రస్వ ఒకారం అడుగడుగునా వచ్చే మనకు అది లేకుంటే ఒక్క పేరా సాగదు.

దీనికి నా పరిష్కారం: తెలుగు లేయర్‌లో క్యాప్స్ లాక్ చోట బ్యాక్‌టిక్‌ను పెట్టండి. తెలుగులో పెద్ద అక్షరాలు లేవు కనుక క్యాప్స్ లాక్ అక్కడ ఊరికే పడి ఉండే కీ. దాని పక్కనున్న ఎ కీ మీద ఓత్వం ఉంది. అంటే హ్రస్వం, దీర్ఘం రెండూ ఒకే చిటికెన వేలి కింద పక్కపక్కన చేరతాయి. షిఫ్ట్‌తో అవే ‘ఒ’, ‘ఓ’. రెండు రోజుల్లో చేతికి అలవాటైపోయి, తరువాత పూర్తి కీబోర్డు మీద పైకి చెయ్యి చాచవలసి వచ్చినప్పుడు నాకే విసుగనిపించింది. ఎడమ పై మూలలో మామూలు ఎస్కేప్‌ను ఉంచుకోవచ్చు. ఇంకా చిన్నవైన 40 శాతం బోర్డులకు మారాలని ఎప్పుడైనా అనిపిస్తే, అక్కడ డ, ఢ, ఞ వంటివాటికి కూడా కొత్త ఇళ్ళు వెతకాలని ముందే తెలుసుకోండి.

షిఫ్ట్ గురించి ఒక మాట. ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ, థ, భ వంటి ఒత్తక్షరాలకే కాక ణ, ళ, శ, ష లకూ, మాట మొదట వచ్చే ప్రతి అచ్చుకూ షిఫ్ట్ కావాలి. కానీ ఇంగ్లీషులో లాగా షిఫ్ట్ పట్టుకుని వరుసగా పది అక్షరాలు కొట్టే అవసరం దాదాపు రాదు. అందుకే తెలుగు లేయర్‌లో షిఫ్ట్‌ను ‘వన్ షాట్’గా మార్చుకోండి, ఒకసారి తట్టి వదిలితే తరువాతి ఒక్క అక్షరానికే వర్తిస్తుంది, పట్టి ఉంచితే మామూలు షిఫ్ట్ లాగే పనిచేస్తుంది. ‘ఆటో షిఫ్ట్’ అని ఇంకొకటి ఉంది: కీని 175 మిల్లీ సెకన్లకు మించి పట్టి ఉంచితే షిఫ్ట్ అక్షరం పడుతుంది. క మీద కాస్త ఆగితే ఖ రావడం చూడడానికి ముచ్చటగా ఉంటుంది, కానీ నా వేగం దానితో కుదరలేదు.

లేయర్ వేరుచేశాక మిగిలే కష్టం ఒకటుంది: ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏ భాష నడుస్తోందో కీబోర్డుకు తెలియదు. చాలామంది ఒకే కీకి విండోస్, స్పేస్ కలిపి పంపే మాక్రోను, లేయర్ మార్పును జోడిస్తారు. భాషను ఒక్కసారి మౌస్‌తో మార్చారంటే రెండూ ఎడమొహం పెడమొహం అయిపోతాయి. అక్కడి నుంచి ఎన్నిసార్లు నొక్కినా తలకిందులే. కాబట్టి అటూ ఇటూ మారే కీ వద్దు, భాషకు ఒకటి చొప్పున రెండు కీలు పెట్టుకోండి. విండోస్‌లో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్ లోపల ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అనే చోట ఇంగ్లీషుకు ఎడమ ఆల్ట్, షిఫ్ట్, 0; తెలుగుకు ఎడమ ఆల్ట్, షిఫ్ట్, 1 అని కేటాయించవచ్చు. భాషల మధ్య తిప్పే పాత ఆల్ట్, షిఫ్ట్ అలవాటును అక్కడే రద్దు చేయండి. ఒక్కో కిటికీకి ఒక్కో భాష గుర్తుంచుకునే ఐచ్ఛికాన్ని కూడా ఆపేయండి. ఆపైన కీమ్యాప్‌లో రెండు సొంత కీకోడ్‌లు రాసుకుని, తెలుగు కీ నొక్కితే ఆ హాట్ కీని పంపి తెలుగు లేయర్‌కు, ఇంగ్లీషు కీ నొక్కితే మరో హాట్ కీని పంపి మొదటి లేయర్‌కు వెళ్ళమని ‘ప్రాసెస్ రికార్డ్ యూజర్’ ఫంక్షన్‌లో చెప్పండి. ఎప్పుడు అనుమానం వచ్చినా కావలసిన భాష కీ ఒక్కసారి నొక్కితే రెండు వైపులా సర్దుకుంటాయి. లినక్స్‌లో ఎక్స్11 వాడేవారికి ఎక్స్‌కేబీలో ‘షిఫ్ట్ క్యాప్స్ స్విచ్’ అనే ఐచ్ఛికం ఇదే పని చేస్తుంది. క్యాప్స్ ఒక్కటే పంపితే మొదటి లేఅవుట్, షిఫ్ట్‌తో పంపితే రెండవది.

ఇందులో ఎంతవరకు వియాతో (కంపైల్ చేయకుండానే కీలను మార్చుకునే యాప్‌తో) చేయవచ్చన్నది మీరు అడగలేదు కానీ, అడుగుతారని తెలుసు. తెలుగు లేయర్, క్యాప్స్ లాక్ చోట బ్యాక్‌టిక్, ఇవి వియాలో నిమిషంలో అయిపోతాయి. ఫ్లో టాప్ జాబితా, కాంబో షరతు, రెండు పనులు కలిపి చేసే భాష కీ, వీటికి మాత్రం సోర్స్ నుంచి కంపైల్ చేయక తప్పదు.

కంపైల్ చేసే ముందు మీ బోర్డు సోర్స్ నిజంగా దొరుకుతుందో లేదో చూసుకోండి. క్యూఎంకే జీపీఎల్ లైసెన్సుతో వచ్చేది. దానిని మార్చి అమ్మేవారు సోర్స్ కూడా ఇవ్వాలి. పెట్టె మీద క్యూఎంకే అని రాసి, సోర్స్ అడిగితే మౌనం వహించే అమ్మకందారులు ఉన్నారు. నేనూ అలాంటి బోర్డు ఒకటి కొని, వియాతో సరిపెట్టుకుని, చివరకు ఎవరికో ఇచ్చేశాను. సోర్స్ దొరికితే అందులో మీ పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు) రివిజన్‌కు సరిగ్గా సరిపోయే ఫోల్డరునే వాడండి. పేరు ఒకటే అయినా రివిజన్ మారితే చిప్ మారిపోయి ఉండవచ్చు. చిప్ ఏటీమెగా 32యూ4 అయితే మొత్తం మెమరీ 32 కేబీ, అందులో బూట్‌లోడర్ (కొత్త ఫర్మ్‌వేర్‌ను ఎక్కించుకునే చిన్న ప్రోగ్రామ్) పోగా సాధారణంగా మిగిలేది 28 కేబీ మాత్రమే. అక్కడ వియా, రంగుల దీపాల విన్యాసాలు, కాంబోలు, యూనికోడ్ అన్నీ ఒకేసారి పట్టవు. ఎల్‌టీఓ (ఫర్మ్‌వేర్ పరిమాణాన్ని కుదించే కంపైల్ ఐచ్ఛికం) ఆన్ చేసి, దీపాల విన్యాసాలను తగ్గించి, అప్పటికీ పట్టకుంటే మౌస్ కీలను తీసేయండి. ఆర్‌పీ2040 లేదా ఎస్‌టీఎం32 అయితే ఈ బెంగ అక్కర్లేదు.

వియాలో ఇప్పుడున్న అమరికను ముందుగా ఫైలుగా దాచుకోండి, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించినప్పుడు అది చెరిగిపోవచ్చు. పక్కన మరో కీబోర్డు ఉంచుకోండి. మొదట ఏ మార్పూ లేని డిఫాల్ట్ కీమ్యాప్‌నే కంపైల్ చేసి ఎక్కించి, అన్ని కీలూ పలుకుతున్నాయని చూశాకే మీ మార్పులు మొదలుపెట్టండి. బూట్‌మ్యాజిక్ ఉన్న బోర్డులలో ఎస్కేప్ కీని, అంటే సాధారణంగా ఎడమ పై మూల కీని, నొక్కి పట్టుకుని కేబుల్ తగిలిస్తే బూట్‌లోడర్ తెరుచుకుంటుంది, దానితో పాటు దాచిన అమరికలూ తుడిచిపెట్టుకుపోతాయి. ఎంతకీ బోర్డు కనిపించకపోతే అన్నింటికన్నా ముందు కేబుల్ మార్చి చూడండి. ఫోను చార్జింగ్ కేబుల్‌తో, డేటా తీగలే లేని దానితో, ఒక పూటంతా డ్రైవర్లను తిట్టుకుంటూ కూర్చున్న అనుభవం నాది.

కంపైల్ దగ్గర ఎక్కడైనా ఆగిపోతే బోర్డు పేరు, పీసీబీ మీద అచ్చయిన రివిజన్, చిప్ పేరు, తెర మీద వచ్చిన లోపం పూర్తి పాఠం కలిపి ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.